వెల్క్రో గారి సముఖానికి

మహారాజశ్రీ వెల్క్రో గారికి, ప్రీస్కూల్ టీచరు నమస్కరించి రాసుకొను విన్నపం. తమరు క్షేమమని తలుస్తాను. మేం క్షేమంగా లేం.

నిన్న ఆదివారం మధ్యాహ్నమంతా నేల మీద చతికిలబడి 96 బొమ్మల కార్డులకు తమరి బిళ్లలు అంటించాను. లామినేషన్ చేయడం, మూలలు గుచ్చుకోకుండా గుండ్రంగా కత్తిరించడం అదనం. ఇవాళ పొద్దున బోర్డు మీద 'చేతులు కడుక్కోవాలి' పెట్టాను. పడింది. 'పాటలు' పెట్టాను. పడింది. 'ఆట' అయితే నేను చెయ్యి తీయకముందే జారింది.

కారణం తమకు తెలుసు. తమరి గరుకు వైపు, మెత్తటి వైపు కలిస్తేనే అంటుకుంటాయి. పిల్లలు చేత్తో పట్టుకునేది కార్డు కదా అని నేను కార్డులకు మెత్తటి వైపు అంటించాను. పిల్లలు చెయ్యి రాసేది బోర్డు మీద కదా అని మా తోటి టీచరు దానికీ మెత్తటి వైపే అంటించారు. ఇద్దరిదీ న్యాయమే. రెండు న్యాయాలు ఒకదానికొకటి అంటుకోవు, అదీ చిక్కు. పోనీ మారుద్దామని నేను పీకితే బిళ్ల రాదు, లామినేషన్ పొర లేస్తుంది. అదే నాలుగేళ్ల పిల్లాడు లాగితే బిళ్ల బోర్డుకే ఉండిపోయి కార్డు ఒక్కటే సుఖంగా చేతికొస్తుంది!

1941లో స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్ గారు తన కుక్క బొచ్చుకు పట్టుకున్న ముళ్లకాయల్ని చూసే కదా తమరికి ప్రాణం పోసింది. గరుకెవరు, మెత్తనెవరు అని ఆ కాయలు కుక్కతో మీటింగ్ పెట్టుకోలేదు. పట్టుకున్నాయంతే.

(మూతలు మారిపోయే డబ్బాల్లారా, నవ్వకండి. 'ఇతరాలు' అని రాసిన పెట్టె గారూ, మీకు వేరే ఉత్తరం ఉంది.)

ఇక మర్యాద చాలు. తర్వాత ఏం జరగబోతోందో ఆ బోర్డు చూసి తెలుసుకునే పిల్లాడొకడున్నాడు. వాడికి అది అలంకారం కాదు. బోర్డు ఖాళీగా కనపడగానే బల్ల కిందికి దూరాడు. 40 నిమిషాలు. పక్కనే నేనూ కూర్చున్నాను, ఒళ్లో 96 పనికిరాని కార్డులతో. నీ చర్రుమనే చప్పుడు పడక చెవులు మూసుకునే పాప సంగతి సరేసరి. అంటుకోవడం ఒక్కటే కదా నీ పని? అదీ చేతకాదా?

మధ్యాహ్నానికి బోర్డు మీద మిగిలింది నిరుటి 'నీళ్లు' కార్డు ఒక్కటే. దాని బిళ్ల నిండా బొచ్చు, దారప్పోగులు. ఇంకా మాటలు రాని పాప దాన్ని చర్రున పీకి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. నీళ్లిచ్చాను. తాగి, కార్డు తనే బోర్డుకి పెట్టింది. పడలేదు. మళ్లీ పీకింది.

సరే, రేపు ఇంకో వెల్క్రో చుట్ట కొంటాను. గరుకు వైపు దేనికో ఈసారి బోర్డు వెనకాల మార్కర్‌తో రాసిపెడతాను.

ఇట్లు,
గోళ్ల కింద జిగురుతో,
తమ విధేయురాలు