వెనక కారు కట్టుకుని కొండలెక్కాలంటే గ్యాసా, డీజిలా?

నాకు తెలిసిన అమెరికా తెలుగు ఇళ్ళలో అమ్మానాన్నలు వస్తున్నారంటే చాలు, మోటార్‌హోమ్ (పడకలూ వంటగదీ ఉన్న ఇల్లులాంటి బండి, ఆర్వీ అని కూడా అంటారు) మాట ఒకసారి వచ్చి తీరుతుంది. గ్యాస్ బండా, డీజిల్ బండా అనే దగ్గర ఆగిపోతుంది కూడా (అక్కడ గ్యాస్ అంటే పెట్రోలు). వెనక కారు కూడా కట్టి లాక్కెళ్ళాలంటే వాదన ఇంకా ముదురుతుంది. అందుకే దీన్ని ఇద్దరు మనుషుల మాటల్లో పెట్టాను.

కిరణ్ టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాడు. భార్య సునీత, ఇద్దరు పిల్లలు, గుంటూరు నుంచి రాబోయే అమ్మానాన్న, వెరసి ఆరుగురు. జులైలో కొలరాడో మీదుగా మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్క్ దాకా వెళ్ళాలని ప్లాన్. అతను చూసి పెట్టుకున్నది 2018 నాటి గ్యాస్ బండి, ఫోర్డ్ ఎఫ్-53 చాసీ (బండి కింది చట్రం), 6.8 లీటర్ల వీ10 ఇంజిన్. శ్రీధర్ అతని అక్క మొగుడు. ఆయన చూపిస్తున్నది ఇంకాస్త పాత డీజిల్ బండి, ఇంజిన్ వెనక ఉండే రకం, 6.7 లీటర్ల కమిన్స్ కంపెనీ ఇంజిన్. రెండూ సెకండ్ హ్యాండే, ధరలో పెద్ద తేడా లేదు. నా మొగ్గు శ్రీధర్ వైపే, ముందే చెబుతున్నా. అయినా కిరణ్ మాటల్లో కొట్టిపారేయలేనివి ఉన్నాయి, వాటిని పలచన చేయలేదు. బరువులన్నీ పౌండ్లలో, వెయ్యి పౌండ్లంటే సుమారు 450 కిలోలు.

కిరణ్: బావా, ఏడాదికి నాలుగు వారాలు తిప్పే బండికి డీజిల్ ఎందుకు చెప్పండి? మిగతా రోజులన్నీ స్టోరేజీలో పడుంటుంది. గ్యాస్ బండి అయితే ఆయిల్ మార్చడానికి ఏడు క్వార్టులు చాలు, ఊళ్ళో ఫోర్డ్ ట్రక్కులు చూసే ఏ మెకానిక్ అయినా చేస్తాడు. మీ డీజిల్‌కి ఆయిలే నాలుగు గ్యాలన్ల పైన, పైగా ఫ్యూయల్ ఫిల్టర్లు, ఎయిర్ డ్రయర్, అన్నీ కలిపి సర్వీసుకి పంపిస్తే వెయ్యి డాలర్లు ఎగిరిపోతాయి. వెనక కట్టేది ఒక కారు, అంతేగా. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసినట్టుంది మీ సలహా.

శ్రీధర్: ఆ పిచ్చుక బరువెంతో చూశావా?

కిరణ్: చూశా. బండి వెనక హిచ్ (కారు తగిలించే కొక్కెం) మీద 5,000 అని రాసుంది. మన టయోటా సియెనా వ్యాన్ 4,600 చిల్లర.

శ్రీధర్: హిచ్ మీద రాసింది హిచ్ ఎంత ఓర్చుకోగలదో చెబుతుందిరా, బండి ఎంత లాగగలదో చెప్పదు. డ్రైవర్ సీటు దగ్గర స్టిక్కరుంటుంది, అది చదవాలి. నువ్వు చూసిన బండి తన సొంత బరువుతో సహా దాటకూడని బరువు 22,000, వెనక కట్టినదానితో కలిపి దాటకూడని బరువు 26,000. నిండుగా సర్దుకున్నావంటే వెనక మిగిలేది నాలుగు వేలే. హిచ్ ఐదు వేలు అన్నంత మాత్రాన ఆ ఐదో వెయ్యి ఎక్కడినుంచీ రాదు. ఇంక సియెనా సంగతి. నాలుగు చక్రాలూ నేల మీద పెట్టి లాగొద్దని టయోటా మాన్యువల్‌లోనే ఉంది. అంటే ముందు చక్రాలెత్తి డాలీ అనే రెండు చక్రాల చిన్న బండి మీద పెట్టాలి. డాలీ ఆరేడు వందల పౌండ్లు. కారూ డాలీ కలిపితే ఐదు వేలు కూడా దాటిపోయింది, అంటే నీ హిచ్ లెక్క కూడా తప్పింది.

కిరణ్: సరే, సియెనా వద్దు. మా పాత హోండా సీఆర్-వీ ఉందిగా, 2014ది. దాన్ని నాలుగు చక్రాల మీదే లాగొచ్చు, మాన్యువల్‌లో ఒప్పుకున్నారు. మూడున్నర వేలు. మీ నాలుగు వేలలో హాయిగా ఇముడుతుంది.

శ్రీధర్: అది మంచి బండే, కాదనను. 2015 నుంచి సీవీటీ అనే వేరే రకం గేర్‌బాక్స్ వచ్చాక ఆ వీల్లేకుండా పోయింది కాబట్టి నీ దగ్గరున్నది ఆ వరసలో చివరిది. బయల్దేరే ముందు గేరు డీలో ఐదు సెకన్లు, తర్వాత న్యూట్రల్‌లో పెట్టి మూడు నిమిషాలు ఇంజిన్ నడవనివ్వాలి, అప్పుడు ఆపి తాళం యాక్సెసరీ దాకా తిప్పి వదిలెయ్యాలి, లేకపోతే స్టీరింగ్ లాకైపోతుంది. అరవై అయిదు మైళ్ళ స్పీడు దాటకూడదు. ఇదంతా నువ్వు చేస్తావనే అనుకుందాం. అందులో సీట్లెన్ని?

కిరణ్: అయిదు.

శ్రీధర్: మీరు ఆరుగురు.

కిరణ్: గ్లేసియర్‌లో ఎర్ర బస్సులుంటాయి బావా, పార్కు వాళ్ళవే. ఒక రోజు ఒకళ్ళిద్దరం అందులో వెళ్తాం.

శ్రీధర్: ఎవరు వెళ్తారు? గోయింగ్-టు-ద-సన్ రోడ్డు మీద అవలాంచ్ నుంచి రైజింగ్ సన్ దాకా 21 అడుగుల కన్నా పొడవైన బండిని రానివ్వరు, అందుకే కదా అసలు కారు కట్టుకుపోతున్నాం. ఆ రోడ్డు చూడ్డానికే అంత దూరం వెళ్ళి, మామయ్యని మోకాళ్ళ నొప్పితో బస్సెక్కించి, మేం వెనకాల కార్లో వస్తాం అంటావా?

కిరణ్: నాన్నని ఎందుకు పంపిస్తాను, నేనే వెళ్తాను బస్సులో.

శ్రీధర్: నువ్వెళ్తే కారెవరు నడుపుతారు? సునీతకి కొండ రోడ్లంటే భయమని నువ్వే చెప్పావు.

కిరణ్: ఇప్పుడు సునీత డ్రైవింగ్ గురించి ఎందుకు బావా? ఆ అమ్మాయి రోజూ డాలస్ టోల్‌వే మీద నడుపుతోంది. మాట ఇంజిన్ గురించి మొదలైంది. సీట్లే గొడవ అయితే మూడు వరసల కారు కొంటాను, ట్రావర్స్ లాంటిది, నాలుగు చక్రాల మీద లాగనిచ్చే మోడల్ చూసుకుని. నాలుగున్నర వేలు ఉంటుంది. మోటార్‌హోమ్ కూడా ఆ 22,000ది వదిలేసి 24,000 చాసీ ఉన్నది చూస్తాను. దానికి మొత్తం 30,000 దాకా ఒప్పుకుంటారు. నిండుగా నింపినా ఆరు వేలు మిగులుతుంది, హిచ్ అయిదు వేలు. ఇప్పుడు చెప్పండి, మీ తూకాల లెక్క ఎక్కడ నిలబడింది?

శ్రీధర్: తూకం వరకు నువ్వు గెలిచావు. ఆ చాసీకి ఆ కారు సరిపోతుంది, ఇంక బరువు మాట నేనెత్తను. ఇప్పుడు కొండ మాట విను.

వీ10 ఇంజిన్‌కి టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం, లేదు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది, ప్రతి వెయ్యి అడుగులకీ దాదాపు మూడు శాతం బలం పోతుంది. నువ్వు డెన్వర్ నుంచి ఐ-70 మీద పడమరకి పోతే ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగుల పైన ఉంది. అక్కడికొచ్చేసరికి 320 హార్స్‌పవర్‌లో మూడో వంతు గాలికి పోయినట్టే, అప్పుడే నీకు ఎక్కువ కావాలి. ఇంజిన్ నాలుగు వేల ఆర్‌పీఎం మీద అరుస్తుంటే అది నీ కాళ్ళ పక్కనే, ముందు సీట్ల మధ్యన ఉంటుంది. అత్తయ్య నీ పక్కన కూర్చుని ఏదన్నా అడిగితే వినపడదు. డీజిల్‌ది వెనక ఉంటుంది, టర్బో ఉంటుంది, 800 పౌండ్-ఫీట్ల టార్క్ (తిప్పే బలం), అది కూడా తక్కువ ఆర్‌పీఎంలోనే. నీ వీ10ది 460.

అయినా ఎక్కడం గురించి నేను పోట్లాడను. మెల్లగా ఎక్కుతావు, కుడి లేన్‌లో ట్రక్కుల వెనకాల ఎమర్జెన్సీ లైట్లు వేసుకుని పోతావు, టైం పోతుంది తప్ప ప్రాణం పోదు. నా భయం దిగడం. సొరంగం దాటగానే సిల్వర్‌థార్న్ దాకా ఏకధాటిగా దిగుడు, రెండు వేల అడుగుల మేర. బ్రేకులు పోయిన ట్రక్కులు ఎక్కి ఆగడానికి రోడ్డు పక్కన గులకరాళ్ళ ర్యాంపులు కట్టారక్కడ, ఊరికే కట్టలేదు. ముప్పై వేల పౌండ్ల దగ్గర బరువుతో, లోపల ఆరుగురితో, నువ్వు బ్రేక్ మీద కాలేసి ఉంచావంటే డిస్కులు కాగుతాయి, పెడల్ మెత్తబడుతుంది. మెత్తబడిందని తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. డీజిల్‌లో ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటుంది. డ్యాష్‌బోర్డ్ మీద చిన్న స్విచ్. నువ్వు యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, టర్బోలో రేకులు దగ్గరకొచ్చి పొగని బయటికి పోనివ్వకుండా ఆపుతాయి, ఆ ఒత్తిడికి ఇంజినే బండిని వెనక్కి పట్టుకుంటుంది, ఆలిసన్ కంపెనీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తనంతట తను గేరు దించుకుంటుంది. బ్రేక్ పెడల్‌ని అప్పుడప్పుడు తాకుతావు అంతే, అడుగుకొచ్చేసరికి బ్రేకులు చల్లగానే ఉంటాయి, నిజంగా కావలసినప్పుడు పనికొస్తాయి.

ఇంకొకటి, దీన్ని కొనేముందు ఎవరూ అనుకోరు. కారు కట్టాక నీ పొడవు యాభై అడుగులు దాటుతుంది, ఆ స్థితిలో రివర్స్ చెయ్యలేవు. కారుని కలిపే టో బార్ వంకర తిరిగి విరుగుతుంది, కాబట్టి కారు విప్పాల్సిందే. అలాంటి బండితో మామూలు గ్యాస్ స్టేషన్‌లో కార్ల పంపుల మధ్యకి దూరి, ఎదురుగా ఎవడో కారు ఆపి లోపలికి కాఫీకి పోతే నీ గతేమిటి? డీజిల్‌కి ట్రక్కుల వైపు పంపులుంటాయి, నేరుగా లోపలికి, నేరుగా బయటికి.

కిరణ్: ఆ చివరిదానికి ముందు జవాబు చెబుతా. హైవే మీద పెద్ద ట్రక్ స్టాపులు కొన్నింటిలో ఆర్వీలకి వేరే లేన్లున్నాయి, గ్యాసూ డీజిలూ రెండూ పోస్తారు. ఫోన్లో చూసుకుని ఆగితే సరి.

దిగుడు సంగతి. నా బండికీ బరువు లాగేటప్పుడు వాడే టో-హాల్ బటన్ ఉంది, ఆరు గేర్ల బాక్సు, నొక్కితే అదీ గేరు దించి ఇంజిన్‌తోనే పట్టుకుంటుంది. మోత వస్తుంది, ఒప్పుకుంటాను, మోత వస్తే రానివ్వండి. ఎక్కిన గేరు కన్నా తక్కువ గేరులో, మెల్లగా మొదలుపెట్టి దిగితే బ్రేకులు ఎందుకు కాగుతాయి? వెనక కారులో కూడా విడిగా బ్రేక్ పెట్టే పరికరం ఉంటుంది, గ్యాస్‌కైనా డీజిల్‌కైనా అది పెట్టుకోవాల్సిందే. బావా, ఎఫ్-53 మీద కట్టిన బండ్లు ఏళ్ళ తరబడి కార్లు కట్టుకుని ఇవే కొండలు దిగుతున్నాయి. వాళ్ళందరూ ఆ ర్యాంపులెక్కి ఆగలేదు.

ఇప్పుడు నావి వినండి. 2010 తర్వాతి డీజిల్ బండ్లలో డీఈఎఫ్ అని ఒక ద్రవం పోయాలి, పొగ శుభ్రం చెయ్యడానికి. ఆ ట్యాంకులో సెన్సర్ పాడైతే, ఇంజిన్‌కి ఏ జబ్బూ లేకపోయినా కంప్యూటర్ వార్నింగులిచ్చి చివరికి అయిదు మైళ్ళ స్పీడుకి కట్టేయగలదు. 2021లో చిప్పుల కొరత వచ్చినప్పుడు ఆ సెన్సర్లు దొరక్క ఎంతమంది ఆర్వీలు వారాల తరబడి షాపుల్లో పెట్టుకుని కూర్చున్నారో మీకు నాకన్నా బాగా తెలుసు. వయోమింగ్‌లో ఊరికి ఊరికి మధ్య వంద మైళ్ళు, షుగర్ మందులేసుకునే నాన్నతో అక్కడ ఆగిపోతే ఏం చెయ్యాలి? మీరు బ్రేకుల గురించి భయపడుతున్నారు, నేను దీని గురించి భయపడుతున్నాను, రెండూ భయాలే.

ఇంకోటి లైసెన్స్. మీరు చూపిస్తున్న డీజిల్ బండి 26,000 దాటుతుంది. టెక్సస్‌లో దానికి క్లాస్ బీ కావాలి, రాతపరీక్ష, ఆ సైజు బండి తీసుకెళ్ళి డ్రైవింగ్ పరీక్ష. నేను పాసయినా సునీతకి ఉండదు. నాకు జ్వరమొస్తే ఎవరు నడుపుతారు? నా గ్యాస్ బండి మామూలు లైసెన్స్‌తో ఇద్దరం నడపొచ్చు. మైలేజీ అంటారేమో, డీజిల్ బండికి గ్యాలన్‌కి ఒకటి రెండు మైళ్ళు ఎక్కువొస్తుంది, గ్యాలన్ ధర కూడా తరచూ ఎక్కువే ఉంటుంది, చెల్లుకి చెల్లు.

శ్రీధర్: మైలేజీ గురించి నేనెప్పుడన్నా అన్నానా? డబ్బు మిగుల్చుకోవడానికి డీజిల్ కొనేవాడు లెక్క రానివాడు.

సెన్సర్ గోల నిజం. ఆ ఏడాది జనం పడ్డ బాధ నిజం. దానికి నా దగ్గరున్నది ఒక్కటే, అలాంటి ట్రిప్పుకి బయల్దేరే ముందు ఆ సెన్సర్ ఒకటి కొని బండిలో పెట్టుకోవాలి, వార్నింగ్ లైటు వెలిగిన రోజే పెద్ద ఊరు చూసి ఆగాలి. అది మొదట హెచ్చరిస్తుంది, తర్వాతే కట్టేస్తుంది, నీకు టైం ఉంటుంది. కాగిన బ్రేకు టైం ఇవ్వదు. అందుకే రెండూ భయాలే అన్నావు చూడు, దానికి నేనొప్పుకోను. ఒకటి ఆగిపోతానేమోనన్న భయం, రెండోది ఆగలేనేమోనన్న భయం.

టో-హాల్ పనిచేస్తుంది, నువ్వు చెప్పినట్టు దిగితే. నువ్వు అలసిపోయి, పిల్లలు వెనక కొట్టుకుంటూ, సాయంత్రం వాన పడుతూ, వెనక ట్రక్కు హారన్ కొడుతుంటే కూడా అంత పద్ధతిగా దిగుతావా అన్నదే నా ప్రశ్న. ఎగ్జాస్ట్ బ్రేక్ నీ ఓపిక మీద ఆధారపడదు. లైసెన్స్ మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. సునీత కూడా పరీక్ష రాయాలి, లేదా నీకు బాగాలేని రోజు ప్రయాణం ఆపుకోవాలి, అంతకన్నా దారి లేదు.

కిరణ్: ఫ్లోరిడా వైపో, గాల్వెస్టన్‌కో పోయేవాడైతే?

శ్రీధర్: గ్యాసే కొనమంటాను, రెండో మాట లేదు. కొండ లేని చోట డీజిల్‌కి డబ్బు పెట్టడం దండగ. నువ్వు పోతున్నది రాకీ పర్వతాలకి, అదీ వెనక నాలుగున్నర వేలతో.

కిరణ్: అయితే ఒక పని చేద్దాం. నేను చెప్పిన 24,000 చాసీ బండి డెంటన్‌లో ఒకటుంది. శనివారం టెస్ట్ డ్రైవ్ అడిగి ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (బండ్లు తూచే కాటా) మీద పెడదాం, ట్యాంకులు నింపి, మనమందరం ఎక్కి. కాగితం మీద ఆరు వేలు మిగులుతుందన్నది నిజంగా ఎంత మిగులుతుందో చూద్దాం.

శ్రీధర్: పెడదాం. అక్కడినుంచి డీజిల్ బండి దగ్గరకి కూడా వెళ్దాం. సర్వీస్ రికార్డులు లేకపోతే దాన్ని నేనే కొననివ్వను. టైర్ల మీద తయారీ తేదీ కూడా చూడు, నాలుగంకెలుంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. ఆరేడేళ్ళు దాటి ఉంటే ఆరు టైర్ల ధర బేరంలో తగ్గించమని అడుగు.

కిరణ్: సునీతని కూడా తీసుకొస్తాను. రెండూ తనే నడిపి చూస్తుంది, డీజిల్‌ది మాత్రం వాళ్ళ పార్కింగ్ లాట్‌లోనే. క్లాస్ బీ పరీక్ష రాస్తుందో లేదో ఆ తర్వాత తనే చెబుతుంది.