రిజిస్టర్‌లో పేరుంటుంది, కోర్టులో ఉండదా?

డిజైన్ కాపీ కొట్టారని కోర్టుకెళ్తే ముందు ఎదురయ్యే ప్రశ్న, అసలు కేసు వెయ్యడానికి నువ్వెవరు అని. అడిగించుకునేది ఎవరో కాదు, ఓనర్‌కి డబ్బు కట్టి ఆ డిజైన్‌తో సరుకు చేసే హక్కు తనొక్కడే తీసుకున్న ఎక్స్‌క్లూజివ్ లైసెన్సీ.

బాలానగర్‌లో ఒక చిన్న ప్లాస్టిక్ యూనిట్ అనుకోండి. దాన్ని నడిపేవాడు ఎవరో రిజిస్టర్ చేయించుకున్న కుర్చీ డిజైన్‌ని లైసెన్స్ మీద తీసుకుని, అప్పు చేసి డై, అంటే కుర్చీ పోసే అచ్చు, కొట్టించి సరుకు దించాడు. మూడు నెలలు తిరక్కుండానే బేగంబజార్‌లో అదే కుర్చీ, వీపు దగ్గర అవే ఆకుల కోతలు, చేతుల దగ్గర అదే వంపు, రంగు కాస్త వెలిసినట్టుంటుంది అంతే, రేటు వంద తక్కువ. నష్టం ఎవరికి? డై అప్పు కట్టేవాడికి. ఏడాదికింత అని రాయల్టీ మాట్లాడుకున్న ఓనర్‌కి కోర్టు చుట్టూ తిరిగే అవసరమేంటి?

2000 నాటి డిజైన్ల చట్టం సెక్షన్ 22 ఏమంటోందంటే, కాపీ కొట్టినవాడు ఒక్కో తప్పుకి 25 వేలకి మించకుండా, ఒక డిజైన్‌కి మొత్తం 50 వేలు దాటకుండా కట్టాలి, అదీ రిజిస్టర్డ్ ప్రొప్రైటర్‌కే, అంటే రిజిస్టర్‌లో ఓనర్‌గా పేరున్నవాడికే. కాదనుకుంటే నష్టపరిహారానికి, కాపీ ఆపించే ఇంజంక్షన్ ఆర్డర్‌కి దావా వెయ్యొచ్చు, అదీ ప్రొప్రైటర్‌కి బుద్ధి పుడితేనే. లైసెన్సీ వెయ్యొచ్చన్న మాటే లేదు. అదే చట్టం సెక్షన్ 30కి వచ్చేసరికి లైసెన్సీ బాగానే గుర్తొస్తాడు, కాగితం రాసుకోవాలి, 6 నెలల్లో రిజిస్ట్రేషన్‌కి పెట్టుకోవాలి, గడువు అడిగితే ఇంకో 6 నెలలు, లేకపోతే లైసెన్సే చెల్లదు. రూల్ పెట్టడానికి కనిపించినవాడు హక్కు ఇవ్వడానికి కనిపించడా?

ప్రొప్రైటర్ అన్న మాటకి చట్టం చెప్పిన అర్థంలోనే డిజైన్ వాడుకునే హక్కు పొందినవాడూ వస్తాడని కొందరు లాయర్లంటారు, ఇద్దరికీ హక్కిస్తే ఒకే తప్పుకి రెండు కేసులు పడతాయని ఇంకొందరు. ఆ అర్థం మీద వాదులాడుకోడానికే ఎన్ని వాయిదాలు పోతాయో, డిజైన్ ఆయుష్షే 10 ఏళ్లు, పొడిగిస్తే ఇంకో 5. ఇక రెండు కేసుల భయానికి మందు మన ఇంట్లోనే ఉంది. 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 109లో ఎక్స్‌క్లూజివ్ లైసెన్సీ తనే దావా వెయ్యొచ్చు, ఓనర్ కలిసి రాకపోతే ఆయన్ని ప్రతివాదిగా చేర్చాలి. 1957 కాపీరైట్ చట్టమైతే సెక్షన్ 54లో ఎక్స్‌క్లూజివ్ లైసెన్సీని ఓనర్ కిందే లెక్కేసింది. మనకి ఈ చట్టాలు నేర్పిన బ్రిటన్ కూడా 2006లో తన డిజైన్ల చట్టాన్ని సరిచేసుకుంది, ఇద్దరికీ హక్కు, కేసులో ఇద్దరూ ఉండాలి, తాత్కాలిక ఆర్డర్‌కి మాత్రం ఒక్కడు వెళ్లినా చాలు, కాపీగాడి లాభం కక్కిస్తే ఇద్దరికీ పంచాలి. పేటెంట్ లైసెన్సీకి ఉన్న దారి కుర్చీ చేసేవాడికి ఎందుకు మూసేశారో ఒక్కరైనా చెప్పండి!

ఇక్కడ తయారు చెయ్యండి అని 2014 నుంచి మైకు పట్టుకుని ఊదరగొడుతున్న వాణిజ్య శాఖకి తయారు చేసినవాడు దొంగని పట్టుకొచ్చినా ఫిర్యాదు రాసుకునే చోటు లేదని తెలీదా? తెలుసు. కోల్‌కతా డిజైన్ ఆఫీసులో లైసెన్సీ పేరు ఎక్కించడానికి ఫీజు తీసుకుంటున్నది మీరేగా. ముందు సెక్షన్ 22 సరిచెయ్యండి, స్పీచ్‌లు తర్వాత ఇద్దురుగాని.