జైలిటాల్‌తో గార పళ్లు పోవు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: జైలిటాల్ అనేది చెట్టు నుంచి వచ్చే సహజమైన చక్కెర. షుగర్ ఉన్నోళ్లు ఎంతైనా తినొచ్చు. సైడ్ ఎఫెక్టులు అసలే లేవు. పళ్లు పుచ్చిపోనియ్యదు. నల్లగొండ ఫ్లోరైడ్ గారను (ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లకు వచ్చే గోధుమరంగు మరకలను) కూడా పోగొడుతుంది, కాబట్టి ఇంట్లో ఉన్న ఫ్లోరైడ్ పేస్టు పారేసి జైలిటాల్ పేస్టు, జైలిటాల్ చూయింగ్ గమ్ కొనండి.

ఇందులో కొంత నిజం ఉంది, దాన్ని కాదనను. కానీ ఆ చివరి మాట మన పిల్లల గార పళ్లను చూపించి సరుకు అమ్మడమే. ఒక్కో మాటా చూద్దాం.

“సహజమైనది.” కాలీఫ్లవర్‌లో, కొన్ని పండ్లలో జైలిటాల్ చాలా కొంచెం ఉంటుంది. ప్యాకెట్లలో అమ్మే పొడి మాత్రం బర్చ్ అనే చెట్టు చెక్క నుంచో, గింజలు వలిచిన మక్క బెండ్ల నుంచో ఫ్యాక్టరీలో తీసేది. వాటిలోని జైలాన్ అనే పీచును విడగొట్టి జైలోజ్ అనే చక్కెర చేస్తారు, జైలోజ్‌కు హైడ్రోజన్ కలిపి జైలిటాల్ చేస్తారు. ఫ్యాక్టరీలో చేసినంత మాత్రాన చెడ్డది కాదు, చెట్టు పేరు చెప్పినంత మాత్రాన మంచిదీ కాదు.

“షుగర్ ఉన్నోళ్లు ఎంతైనా తినొచ్చు.” తీపిలో ఇది దాదాపు చక్కెరతో సమానం. చక్కెరలో గ్రాముకు 4 కేలరీలుంటే ఇందులో 2.4. చక్కెర గ్లైసీమిక్ ఇండెక్స్ 65 దగ్గర ఉంటే దీనిది 7 నుంచి 13. అంటే రక్తంలో గ్లూకోజును కొద్దిగానే పెంచుతుంది. చాయలో చెంచాడు చక్కెర బదులు చెంచాడు జైలిటాల్ వేసుకుంటే షుగర్ ఉన్నవాళ్లకు మేలే. కానీ “ఎంతైనా” ఎక్కడిది? దసరాకు గరిజెలు జైలిటాల్‌తో చేసినా మైదా మైదాయే, నూనె నూనెయే. షుగర్ లేని గరిజెలు కదా అని నాలుగు తింటే పరీక్షలో ఆ మైదా లెక్క తేలుతుంది.

“సైడ్ ఎఫెక్టులు లేవు.” ఇది పచ్చి అబద్ధం. మనం తిన్న జైలిటాల్‌లో కొంతే చిన్నపేగుల్లో ఒంటికి పడుతుంది. మిగిలింది పెద్దపేగుల్లోకి పోయి నీళ్లను లాక్కుంటుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తుంది. కడుపుబ్బరం, గుడగుడ, మోతాదు మించితే విరేచనాలు. పిల్లలకైతే ఇంకా తక్కువకే మొదలవుతాయి.

గుండె సంగతి జాగ్రత్తగా చెప్పాలి. 2024 జూన్‌లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు యూరోపియన్ హార్ట్ జర్నల్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. రక్తంలో జైలిటాల్ ఎక్కువగా ఉన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువ కనిపించాయి. అయితే మన ఒళ్లు కూడా సొంతంగా కొంత జైలిటాల్ తయారుచేస్తుంది, కాబట్టి తిన్నందువల్లే గుండెపోటు వచ్చిందని దీంతో తేల్చలేం. కానీ అదే అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న 10 మందికి 30 గ్రాముల జైలిటాల్ కలిపిన పానీయం తాగిస్తే, కాసేపటికే వాళ్ల ప్లేట్‌లెట్లు గడ్డకట్టే గుణం పెరిగింది. గమ్‌లో ఉండేది ఒక గ్రాము, అటూఇటూ. కానీ చక్కెర డబ్బా తీసేసి ప్రతి చాయలో, ప్రతి మిఠాయిలో ఇదే వాడేవాళ్లు ఆరేడు చెంచాలు దాటడం ఎంతసేపు? స్టెంట్ వేసుకున్నవాళ్లు తమ డాక్టర్‌ను అడగకుండా ఆ పని చేయొద్దు.

ఇంట్లో, పొలం దగ్గర కుక్క ఉన్నవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి. కుక్క ఒంట్లో జైలిటాల్ ఇన్సులిన్‌ను ఒక్కసారిగా విడుదల చేయించి గ్లూకోజును పడగొడుతుంది. కిలో బరువుకు 0.1 గ్రాము చాలు. 15 కిలోల కుక్కకు గ్రామున్నర, అంటే అర చెంచా కూడా అక్కర్లేదు. ఇంకా ఎక్కువ తింటే కాలేయం దెబ్బతింటుంది. మిగిలిన లడ్డూ వేసినట్టు దీంతో చేసిన లడ్డూ వేయకండి. పొరపాటున తింటే వాంతులయ్యేదాకా చూడకుండా పశువుల దవాఖానకు తీసుకుపోండి.

“పళ్లు పుచ్చిపోనియ్యదు.” దీంట్లో బలం ఉంది. పళ్లను పుచ్చబెట్టే స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ బ్యాక్టీరియా చక్కెర నుంచి ఆమ్లం తయారుచేసినట్టు జైలిటాల్ నుంచి చేయలేదు. 1970ల్లో ఫిన్లాండ్‌లోని తుర్కులో చేసిన అధ్యయనంలో చక్కెర తిన్నవాళ్లకంటే జైలిటాల్ తిన్నవాళ్లకు పుచ్చు చాలా తక్కువ వచ్చింది. కానీ 2015లో కోక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ జల్లెడ పట్టి తేల్చిందేమిటి? ఫ్లోరైడ్ పేస్టులో 10 శాతం జైలిటాల్ కలిపితే పిల్లల్లో పుచ్చు 13 శాతం దాకా తగ్గవచ్చని. ఆ ఆధారం కూడా బలహీనమైనదేనని చెప్పింది. గమ్, చప్పరించే బిళ్లల వంటివాటికి సరిపడా ఆధారం లేదంది. గమనించండి: అక్కడ జైలిటాల్‌ను ఫ్లోరైడ్ పేస్టుకు కలిపారు, ఫ్లోరైడ్ పేస్టును పారేయలేదు.

ఇక అసలు మాట. గార పళ్లంటే పైన పట్టిన మురికి కాదు. పన్ను చిగురు కింద తయారవుతున్న చిన్నతనంలోనే నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ ఎనామిల్‌ను, అంటే పన్ను పైపొరను, సరిగా గట్టిపడనియ్యదు. ఆ లోపంతోనే పన్ను బయటికి వస్తుంది, తర్వాత గోధుమరంగుకు తిరుగుతుంది. జైలిటాల్ పనిచేసేది బ్యాక్టీరియా మీద, ఇక్కడ బ్యాక్టీరియా ప్రమేయమే లేదు. మరకలు తగ్గించాలంటే దంతవైద్యుడు పైపొర సన్నగా అరగదీయాలి, తెల్లబరచాలి, లేదా పూత వేయాలి. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో వంగిపోయిన నడుములు చూసినవాళ్లెవరూ ఫ్లోరైడ్ పేరుతో గమ్ అమ్మడానికి సాహసించరు.

గారకు ఫ్లోరైడ్ పేస్టే కారణమంటారా? లెక్క చూడండి. 1000 పీపీఎం పేస్టు (గ్రాముకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్నది) బఠాణీ గింజంత, అంటే పావు గ్రాము మొత్తం మింగినా 0.25 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు ఒక్క లీటరు తాగితే 3 మిల్లీగ్రాములు. తాగేనీటికి గరిష్ఠ పరిమితే 1.5. ఉమ్మేయడం రాని పసిపిల్లలకు ఏ పేస్టు, ఎంత వాడాలో దంతవైద్యుడిని అడగండి. పెద్దవాళ్లు పేస్టు పారేస్తే మిగిలేది పుచ్చు మాత్రమే.

గమ్‌కు పెట్టే డబ్బుతో ముందు మీ బోరు నీళ్లు పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఆ నీళ్లు తాగడానికే కాదు, వంటకూ వద్దు. కాచితే పోతుందనుకోకండి. నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. మిషన్ భగీరథ నల్లా వస్తున్న ఊళ్లలో, బోరు నీళ్లు రుచిగా ఉన్నాయని చంటిపిల్లలకు అవే పట్టకండి. వాళ్ల రెండో పళ్లు ఇప్పుడే చిగుళ్ల కింద తయారవుతున్నాయి.