పసుపు కుంకుమ కింద కాలిక్యులేటర్

పాత వస్తువు పాడైతే బాగు చేయించాలా, వద్దా అన్నది డబ్బుతో తేలే విషయమని చాలామంది అనుకుంటారు. శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ఈమధ్య ఒక పంచాయితీకి పెద్దమనిషిగా కూర్చుని వచ్చినవాడిగా చెబుతున్నాను: అది శాంతిభద్రతల సమస్య.

గొడవంతా పన్నెండంకెల టేబుల్ కాలిక్యులేటర్ ఒకదాని గురించి. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే నడిచే రకం. దాని యజమాని, ఇప్పుడు కీర్తిశేషులు, జీడిపిక్కల కమీషన్ వ్యాపారి. ఆ ఉద్దానం ప్రాంతంలో పిక్కల బస్తా అంటే 80 కేజీలు. ఏ రైతు వచ్చినా, ఎన్ని బస్తాలు తెచ్చినా ముందు వేలు పడేది 80 మీదే కాబట్టి ఆ యంత్రం మీద 8, 0 అంకెలు పూర్తిగా అరిగి, బటన్లు నున్నగా మెరుస్తుంటాయి. 7 మాత్రం చెక్కుచెదరలేదు. ఈక్వల్ బటను అంచున జీడి రసం మరక ఒకటి నల్లగా, గోటితో గీకినా రాకుండా ఉంది.

పెద్దాయన పోయాక ఐదెకరాల నలభై సెంట్ల తోటను అన్నదమ్ములిద్దరూ గొంతు పెంచకుండా చెరిసగం చేసుకున్నారు. ఈ రోజుల్లో ఇలాంటి సామరస్యం ఎక్కడ చూస్తాం! అలాగని ఆడపిల్లను మర్చిపోయే కుటుంబం కాదు. పసుపు కుంకుమ కింద ఆమెకు నాన్నగారి కాలిక్యులేటర్ ఇచ్చారు. "మాకేటుంది, మట్టి. నాన్న గురుతు నీకే దక్కింది అమ్మీ" అని పెద్దకొడుకు కండువాతో కళ్లొత్తుకున్నాడట. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉందని 2005లో కేంద్రం చట్టం మార్చింది. మన రాష్ట్రంలోనైతే పెళ్లికాని ఆడపిల్లలకు 1985 నుంచే ఆ హక్కు ఉంది. కానీ రెండు చట్టాల్లోనూ సెంటిమెంటు ఊసే లేదు. ఆ లోటు ఈ అన్నదమ్ములు తీర్చారు.

ఇంత చక్కగా సద్దుమణిగిన ఇంట్లో ఆవిడ బాంబు పేల్చింది. కాలిక్యులేటర్ రిపేరు చేయిస్తానంది.

జబ్బేమిటో చెప్పాలి. సెల్స్ కారి స్ప్రింగులకు చిలుము పట్టింది. వేలితో నొక్కి పట్టుకుంటే తప్ప వెలగదు. వెలిగినా పదుల స్థానంలో ఒక గీత పడదు. ఈ యంత్రాల్లో ప్రతి అంకె ఏడు గీతల కట్టు. అందులో కుడివైపు పై గీత పోతే 8 కాస్తా 6 అవుతుంది, 9 కాస్తా 5 అవుతుంది. తగ్గించి చూపించడమే తప్ప హెచ్చించి చూపించే దుర్గుణం దానికి లేదు. కుటుంబాల్లో ఉండదగిన యంత్రం అని నా అభిప్రాయం.

తమ్ముడు ఆధునికుడు. "ఫోన్లో కాలిక్యులేటర్ ఉండగా ఇదెందుకప్పా?" అన్నాడు. ఇక్కడ చరిత్ర కొంచెం అడ్డొచ్చింది. ఇప్పటి ఫోన్ల లోపలి ప్రాసెసర్లకు తాతలాంటిది 1971లో ఇంటెల్ కంపెనీ అమ్మకానికి పెట్టిన 4004 చిప్పు. అది జపాన్‌లోని బిజీకామ్ అనే కాలిక్యులేటర్ల కంపెనీ కోసం తయారైనదే. ఫోన్ చూసుకుని కాలిక్యులేటర్‌ని తీసిపారేయడమంటే మనవడు తాతని ఎవరని అడిగినట్టే. పైగా రెండింటి లెక్కా ఒకటి కాదు. రెండు ప్లస్ మూడు ఇంటూ నాలుగు కొట్టి చూడండి. ఫోన్ ముందు హెచ్చవేతలు చేసి 14 అంటుంది. బల్లమీది కాలిక్యులేటర్ నొక్కిన వరసలో చేసుకుపోయి 20 అంటుంది. కమీషన్ కొట్టు ఆ వరసమీదే నడిచింది.

అన్న వాదన వేరు, లోతైనది. "నాన్న చెయ్యి తగిలిన మురికి అది. కడిగిస్తే ఇంకేటి మిగుల్తాది?" అన్నాడు. అద్దాల బీరువాలో పెట్టి, ఏటా తద్దినం రోజున బొట్టు పెడితే చాలని ఆయన ప్రతిపాదన. గౌరవించిన వస్తువుతో పని ఉండకూడదు అన్న మన సంప్రదాయానికి ఇది పూర్తిగా అనుగుణంగా ఉంది.

ఆవిడ ఒకే మాట చెప్పింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస మీద పడ్డప్పుడు కరెంటు లేదు, ఫోన్లన్నీ చచ్చాయి. పడిపోయిన జీడి చెట్లూ కొబ్బరి చెట్లూ నాన్న దీనిమీదే లెక్క కట్టాడు. ఊళ్లో సగంమంది తమ తోటల లెక్క కూడా ఆయనచేతే వేయించుకున్నారు. "ఫోన్ సెప్తే ఫోన్ మాట. ఇది సెప్తే నాన్న మాట. ఊరొప్పుకుంటాది" అంది.

సభలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అధ్యక్ష స్థానంలో ఉన్నవాడిగా నేను తొందరపాటు కూడదన్నాను. ఆంధ్ర, ఒడిశాల మధ్య వంశధార నీళ్ల పంపకానికి 2010లో ట్రిబ్యునల్ వేస్తే 2017లో తీర్పు వచ్చింది. రెండు రాష్ట్రాలు అంత ఓపిక పట్టినప్పుడు రెండు పెన్సిల్ సెల్స్ పట్టలేవా? కమిటీ వేద్దాం, ఎస్టిమేట్ తెప్పిద్దాం అన్నాను. అన్నదమ్ములు ఏకగ్రీవంగా బలపరిచారు. ఎస్టిమేట్ కోసమే, కేవలం ఎస్టిమేట్ కోసమే, వస్తువును సెల్ఫోన్ రిపేరు కుర్రాడికి పంపాం.

ఆ కుర్రాడికి ప్రజాస్వామ్య ప్రక్రియ తెలియదు. నిమ్మరసం అద్ది స్ప్రింగుల చిలుము వదిలించాడు. అంకెలు కనపడే గాజుకీ లోపలి బోర్డుకీ మధ్య సన్నటి రబ్బరు పట్టీ ఉంటుంది. కరెంటు అంకెలదాకా చేరేది దాని గుండానే. దాన్ని తీసి స్పిరిట్‌తో తుడిచి మళ్లీ బిగించాడు. గీత వచ్చేసింది. "దుమ్మే బావూ, కాంటాక్టు పట్లేదంతే" అని ఎనభై రూపాయలు అడిగాడు.

ఆవిడ అందరిముందూ 540 కొట్టి, మూడుతో భాగించింది. 180 సెంట్లు. మొన్నటిదాకా ఇదే లెక్కకి 160 చూపించిన పెద్దమనిషి తరహా యంత్రం అది! సెంటుకి 48.4 గజాల చొప్పున 968 గజాల తోటని ఒక్క తుడుపుతో బయటపెట్టాడు ఆ కుర్రాడు. అసలు మూడుతో ఎందుకు భాగించాలన్న మౌలిక ప్రశ్నను అన్న లేవనెత్తాడు గానీ, దానికి సమాధానం ఏ బటనులోనూ లేదు. తమ్ముడు ఫోన్ తీసి తనూ కొట్టి చూశాడు. ఏం వచ్చిందో ఎవరికీ చూపించకుండా జేబులో పెట్టేశాడు.

పరిస్థితి చేయి దాటుతుంటే నేనే జోక్యం చేసుకున్నాను. వాడని యంత్రంలో సెల్స్ ఉంచితే కారతాయి, బోర్డు పాడవుతుంది. ఇది నా మాట కాదు, సెల్ మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. కనుక సెల్స్ రెండూ తీసి అన్న దగ్గర, యంత్రం చెల్లెలి దగ్గర ఉంచాలని తీర్మానం రాయించాను. అందరూ సంతకాలు పెట్టారు, ఆవిడతో సహా. పెన్సిల్ సెల్స్ బస్టాండు దగ్గర ఏ కిళ్లీ కొట్టులోనైనా దొరుకుతాయన్న సంగతి తీర్మానంలో ఎక్కడా లేదు. ఆవిడ సంతకం పెట్టి నేరుగా అటే వెళ్లిందని టీ పోసిన కుర్రాడు చెప్పాడు.