అనుమానం పక్షి లిఫ్టుకి పక్క గోడవాళ్ల ఉత్తరం

నాయనా లిఫ్టూ,

విజయనగరంలో మూడు లాంతర్లకి కూతవేటు దూరాన, స్టిల్ట్ మీద ఐదంతస్తుల అపార్టుమెంటులో, ఒకే గోడకి అటు నువ్వు, ఇటు మేము. నువ్వు ఆగినప్పుడల్లా తిట్లు నీకు, బరువు మాకు. వాచ్‌మన్ "లిఫ్టు ఆగిపోనాది బాబూ" అని కేకెయ్యగానే కూరగాయల సంచులూ, గ్యాసు సిలిండర్లూ, మోకాళ్ల నొప్పుల పెద్దలూ మా మీదికే. అయినా ఈ ఉత్తరం నీ తరఫునే.

అందరూ నిన్ను మొండిదంటారు. మొండితనం కాదు, నీది అనుమానం. ప్రతి అంతస్తు తలుపు తాళం, నీ సొంత తలుపు, నీ దారి అడుగున ఉండే గుంటలో స్విచ్చి, వేగం మితిమీరితే పసిగట్టే గవర్నరు స్విచ్చి, అన్నిటినీ దండ గుచ్చినట్టు ఒకే తీగకి గుచ్చారు. ఎక్కడ ఒక్కటి వదిలినా మోటారుకి కరెంటు అందదు, స్ప్రింగు బ్రేకు టక్కున బిగుస్తుంది. నీ బ్రేకు పట్టడానికి కరెంటు అక్కర్లేదు, వదలడానికే కావాలి. 1854లో న్యూయార్కులో ఎలీషా ఓటిస్ జనం ముందు తాడు నరికించి, కింద పడకుండా నిలబడి చూపించినప్పటి నుంచీ మీ వంశాచారం అదే. అనుమానమొస్తే ఆగిపో.

మరి నీకు అనుమానం తెప్పించేదెవరు? ఫ్లాటులో పనంటూ సిమెంటు బస్తాలు ఎక్కిస్తారు. నీ లోపల పలక మీద ఆరుగురు, 408 కిలోలు అని ఉంది, మనిషికి 68 చొప్పున. 50 కిలోల బస్తాలు ఎనిమిది పెట్టి, మోసేవాడు కూడా ఎక్కుతాడు. నువ్వు కూత పెడతావు. "సెన్సారు పాడైంది" అని తీర్పు.

అసలు కథ రాలిన సిమెంటుది. అది గడప గాడిలోకి చేరుతుంది. మర్నాడు పనమ్మాయి బకెట్టు నీళ్లు దిమ్మరించి కడుగుతుంది. సిమెంటు, నీళ్లు, ఒక రాత్రి. ఇంకేం కావాలి, గాడిలో శెనగగింజంత రాయి తయారు. తలుపు అడుగున జారే షూ అక్కడ తట్టుకుంటుంది. చివరి రెండు మిల్లీమీటర్లు మూసుకోదు, కొక్కెం పడదు, కాంటాక్టు తగలదు. తలుపు మూసినట్టే కనిపిస్తుంది, నీకు మాత్రం నమ్మకం కుదరదు. మోటారు, రోపులు, డ్రైవు అన్నీ లక్షణంగా ఉన్నా వాట్సాప్ గ్రూపులో "మోటారు మార్చాలట, ఫ్లాటుకెంత?" అని లెక్కలు మొదలు. కావలసింది పాత టూత్‌బ్రష్షు, చిన్న స్క్రూడ్రైవరు, పొడిగుడ్డ, పది నిమిషాలు. కాంటాక్టు మసిబారితే మెకానిక్కు మెయిన్ దింపి క్లీనరుతో తుడవాలి. గరుకు కాగితంతో రుద్దాడో, వెండి పూత లేచిపోయి నెల తిరక్కుండానే మళ్లీ వస్తాడు. విడిభాగాలు కలవని ఏడాది మెయింటెనెన్సు ఒప్పందం (నాన్ కాంప్రహెన్సివ్ ఏఎంసీ) కాబట్టి విడిభాగానికి వేరే బిల్లు కూడా తెస్తాడు.

అక్టోబరు వచ్చిందంటే నీకు మరీ గండం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ ఆ నెలలోనే. గాలివాన వెలిశాక లైన్లు కలిపేటప్పుడు రెండు ఫేజులు తారుమారైతే ఫేజుల వరస చూసే రిలే నిన్ను కదలనివ్వదు. ఇళ్లలో లైట్లు వెలుగుతుంటే "కరెంటుందిగా, దీనికేం రోగం" అంటారు. గుంటలోకి ఊరిన నీళ్లలో గవర్నరు రోపుని బిగించే బరువు నానుతుంది, దాని స్విచ్చి తుప్పు పడుతుంది. మోటారు పెట్టి తోడిస్తే సరిపోయేదానికి దసరా దాటనిస్తారు. కరెంటు పోతే నిన్ను దగ్గరి అంతస్తుకి చేర్చే ఏఆర్‌డీ డబ్బాలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు మూడేళ్లకే నీరసిస్తాయి. నెలకోసారి నువ్వు ఖాళీగా తిరుగుతుండగా మెయిన్ దింపించి చూస్తే తెలిసిపోతుంది. ఎవరికి తీరిక?

పైడితల్లి జాతరలో సిరిమాను మూడుసార్లు తిరిగేదాకా రోడ్డు మీద కాళ్లు పీకేలా నిలబడే ఊరు ఇది. నీలో ఇరుక్కుంటే మాత్రం పది నిమిషాలు ఓర్వదు. గాలాడదని గోల. నువ్వేం సీలు వేసిన డబ్బావా, సందులున్నాయి కదా! బయటివాళ్లు వాచ్‌మన్ తాళాల గుత్తిలోంచి త్రికోణం చెవి లాగి తలుపు తెరిచి "దూకెయ్ బాబూ" అంటారు. గది రెండంతస్తుల మధ్య ఆగితే దాని కింద నోరు తెరుచుకుని ఉండేది ఖాళీ గొయ్యి. కాలు జారితే స్టిల్టు దాకా అడ్డేమీ లేదు. చెయ్యాల్సింది అలారం కొట్టి కూర్చోవడం. తెలిసినవాళ్లు ఇద్దరు ముందు మెయిన్ ఆపి, తర్వాత బ్రేకు కొద్దికొద్దిగా వదలాలి. అప్పుడు ఒక్క మనిషే ఉన్న గది కిందికి కాదు, పైకి తేలుతుంది. రోపుల అవతలి కొసన వేలాడే కౌంటర్ వెయిట్ గది కంటే బరువు, సుమారు సగం లోడంత ఎక్కువ. ఇది చెబితే సగంమంది నమ్మరు.

ఇక నీకు చేసిన కొత్త వైద్యం. రోజుకి మూడుసార్లు ఆగేదానివి, ఈ వారం ఒక్కసారీ ఆగలేదు. గ్రూపులో చప్పట్ల బొమ్మలు, మెకానిక్కుకి టీ, బిస్కెట్లు. మాకు మాత్రం దడగా ఉంది. నిన్న సాయంత్రం నాలుగో అంతస్తు తలుపు నాలుగు వేళ్లు తెరుచుకునే ఉంది, నువ్వు మాత్రం కిందికి దిగిపోయావు. నీకు అనుమానం రాలేదు. కంట్రోలు పెట్టెలో డోర్ లాక్ టెర్మినళ్ల మధ్య, తలుపు మూయకపోయినా మూసినట్టే నిన్ను నమ్మించే బెత్తెడు జంపరు తీగ ఉందేమో ఎవరైనా చూడండయ్యా. అది తీసేదాకా అందరూ మా మీదే నడవండి, ఎంత బరువైనా మోస్తాం.

ఇట్లు,
మెట్లు