బిలస్వర్గం మట్టిని ముట్టుకునే ముందు ఒక్కసారి అడగండి

నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గరి బిలస్వర్గం గుహల ప్రస్తావన వస్తే చాలు, "టూరిస్టులు వచ్చే బెలూం గుహల్లాగా డెవలప్ చేయాలి" అంటారు అందరూ. చేయండి, నేనూ అదే కోరుకుంటున్నాను. చుట్టుపక్కల ఊళ్లకు నాలుగు డబ్బులు రావాలి. నా టెన్షన్ అంతా ఒక్కదాని గురించే. ఆ గుహల అసలు ఆస్తి కాళ్ల కింది మట్టిలో ఉంది. మెట్లకనో, లైట్ల వైర్లకనో దాన్ని ఇష్టమొచ్చినట్టు తవ్వేస్తే, ఏ ప్రభుత్వమూ ఎన్ని కోట్లు పోసినా తిరిగి తీసుకురాలేదు.

ఇక్కడ పాతకాలపు జంతువుల ఎముకలున్నాయని బ్రిటిష్ సైనికాధికారి న్యూబోల్డ్ 1844లోనే రాశాడు. 1884లో జియోలాజికల్ సర్వేకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆ తర్వాత ఆయన కొడుకు హెన్రీ ఇక్కడ తవ్వించారు. దొరికిన ఎముకలను పరిశీలించిన శిలాజ శాస్త్రవేత్త లైడెకర్ 1886లో వివరాలు అచ్చువేశాడు. వాటిలో మనుబోతు ఉంది, కొండగొర్రె (నాలుగు కొమ్ముల జింక) ఉంది, ఖడ్గమృగం కూడా ఉంది. అవును, ఇప్పుడు అస్సాం లాంటి చోట్లకు వెళ్తే గానీ కనిపించని ఖడ్గమృగం ఒకప్పుడు మన రాయలసీమలో తిరిగింది. ఆ ఎముకలకు లైడెకర్ పెట్టిన పేరు రైనోసెరస్ కర్నూలియెన్సిస్. ఈ సంగతి కర్నూలు, నంద్యాల పిల్లల్లో ఎంతమందికి చెప్పాం?

"పాత ఎముకలే కదా, తీసి మ్యూజియంలో పెడితే సరిపోదా" అని అడిగేవాళ్లున్నారు. సరిపోదు. ఎముక ఏ పొరలో ఉందన్నది ఎముకంత ముఖ్యం. మట్టిలోని ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్ని వేల ఏళ్లయిందో ల్యాబులో లెక్కగట్టే పద్ధతి ఉంది. పొర చెదిరితే ఆ లెక్క పోతుంది. ఎముక మీది గీతలకూ అర్థముంటుంది. ఏదుపంది ఎముకలను గుహలోకి మోసుకెళ్లి కొరుకుతుంది. దాని ముందుపళ్లు పక్కపక్కనే వెడల్పాటి గాడులు పెడతాయి. మనిషి రాతి పనిముట్టుతో మాంసం కోస్తే పడే గీత సన్నగా, పదునుగా ఉంటుంది. ఎముకను పారతో కెలికి, గోనెసంచిలో పడేసి తెచ్చాక ఈ తేడా ఎవరు చూడగలరు?

ఇదంతా ఎందుకంటే, ఈ పొరలు ఇప్పటికే ఒక పెద్ద విషయం చెప్పాయి. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో, బిలస్వర్గంలో గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 కనీసం లక్ష ఏళ్లుగా మన ఉపఖండంలో కొనసాగుతూ వచ్చాయని తేలింది. అమెరికా ఖండాల్లో, ఆస్ట్రేలియాలో పెద్ద జంతువులు వరసగా అంతరించిపోయిన కాలం కూడా ఇందులోనే ఉంది. అక్కడ జరిగింది ఇక్కడ ఎందుకు జరగలేదు? ఈ ప్రశ్న ప్రపంచానికంతటికీ కావాలి. దాని సాక్ష్యం మన బేతంచెర్ల మండలంలో ఉంది.

గుప్తనిధుల కోసం పలుగులు పట్టుకుని తిరిగేవాళ్లంటే నాకు ఇందుకే ఒళ్లు మండుతుంది. వాళ్లకు బంగారం దొరకదు, మనకు చరిత్ర మిగలదు.

ఇది ఒక్క సీమ గోడు కాదు. గోదావరికి పడమర గౌరీపట్నం, దుద్దుకూరు వైపు లావా పొరల మధ్య సముద్రపు ఆల్చిప్పలు, నత్తల శిలాజాలు ఉన్నాయి. డైనోసార్లు అంతరించిన కాలానికి దగ్గరి పొరలవి. నల్లరాయి క్వారీ వల్లే అవి బయటపడతాయి, ఆ క్వారీలోనే పోతాయి కూడా. పని ఆపమని అడగడం లేదు. యూనివర్సిటీ వాళ్లు ఏడాదికోసారి వచ్చి, కొత్తగా తెగిన పొరను ఫొటో తీసి, నమూనాలు తీసుకునే ఏర్పాటు చేస్తే చాలు.

బిలస్వర్గంలో అడగాల్సింది ఇంకాస్త ఎక్కువ. పలుగు దిగే ముందు జియాలజిస్టు సంతకం ఉండాలి. తవ్వని మట్టి ఉన్నచోటల్లా కంచె వేయాలి, నడిచే దారి నేలను తాకకుండా ఎత్తు మీద కట్టాలి. కాపలాకు, గైడ్లుగా ఆ ఊరి కుర్రాళ్లనే పెట్టుకుని ట్రైనింగ్ ఇవ్వాలి. ఎముకల నమూనాలు చేయించి, బెలూం టికెట్ కౌంటర్ పక్కన ఒక గదిలో తెలుగు బోర్డులతో పెట్టండి, జనం ఎలాగూ అక్కడికి వస్తున్నారు. నంద్యాల, కర్నూలు మిత్రులారా, మీ ఎమ్మెల్యేకు, కలెక్టర్‌కు ఇదే రాయండి. టెండర్లు పిలవకముందే రాయండి.