‘జారిపడ్డాడు’ అని రాయించకండి

రాత్రి తొమ్మిదిన్నరకు మా పెదనాన్న కొడుకుని శ్రీకాకుళంలో ఒక ఆస్పత్రికి తెచ్చారు. రణస్థలం దాటాక హైవే మీద కారు ఒకటి వెనక నుంచి వచ్చి అతని బైకును గుద్దింది. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. దెబ్బ ఎలా తగిలిందని డ్యూటీ డాక్టర్ అడగ్గానే, స్ట్రెచర్ పక్కనున్న మా బావ "బండి జారి పడిపోనాడండీ" అన్నాడు. కారాయన అప్పటికే బావను పక్కకు తీసుకెళ్లి మాట్లాడాడు. కేసైతే స్టేషన్ చుట్టూ తిరగాలి, ఖర్చంతా నేను పెట్టుకుంటాను కదా అని. డాక్టర్ తనకు చెప్పిందే కేస్ షీట్‌లో రాశాడు. ఆ కారాయన రెండుసార్లు బత్తాయిలతో వచ్చి, మొత్తం ఇరవై వేలు ఇచ్చి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. కాలులో రాడ్ వేయాలని తేలిన రోజు నుంచి ఫోన్ ఎత్తలేదు.

యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలితే ఏం చేయాలని అడిగితే చాలామంది లాయరు నంబరు కోసం వెతుకుతారు. నా మటుకు నేను చెప్పేది ఒక్కటే. క్యాజువాలిటీలో మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట నిజమై ఉండాలి. "ఫలానా నంబరు కారు గుద్దింది" అని చెప్పండి. నంబరు తెలియకపోతే "కారు గుద్దింది" అనైనా చెప్పండి. ఆ మాటతో అది మెడికో లీగల్ కేసుగా నమోదవుతుంది, ఆస్పత్రి నుంచి పోలీసులకు సమాచారం వెళ్తుంది, ఎఫ్‌ఐఆర్ పడుతుంది, గాయాల సర్టిఫికెట్ వస్తుంది. "జారిపడ్డాడు" అని చెప్పిన చోట ఈ వరుస మొత్తం తెగిపోతుంది. మా అన్నయ్య విషయంలో పంతొమ్మిది రోజుల తర్వాత ఫిర్యాదు ఇచ్చాం. బీమా కంపెనీ లాయరు అడిగిన మొదటి ప్రశ్న, కేస్ షీట్‌లో వేరేగా ఉందేమిటని. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. కానీ మన చేతుల్తో రాయించిన అబద్ధాన్ని మనమే కాదని నిరూపించుకోవడం వేరే కష్టం.

రాజీ వైపు మాట్లాడేవాళ్ల వాదన నాకు తెలుసు. కోర్టు అంటే ఏళ్లు పడుతుంది, డబ్బు ఇప్పుడే కావాలి, గుద్దినవాడూ పక్క ఊరివాడే, పెద్దమనుషుల సమక్షంలో తేలిపోతే అందరికీ మంచిదంటారు. ఆకలి మీద ఉన్నవాడికి ఇరవై వేలు ఇరవై వేలే, కాదనను. కానీ కారుకు థర్డ్ పార్టీ బీమా ఉండాలని చట్టం పెట్టిందే ఇలాంటి రోజు కోసం. అది ఉంటే మామూలుగా పరిహారం కట్టేది బీమా కంపెనీ. పక్క ఊరివాడి ఇల్లు కూలిపోదు. అతని మీద జాలితో మన కాలి ఖరీదు మనమే కోసేసుకుంటున్నాం.

మిగతా సంగతులు త్వరగా చెప్పేస్తాను. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. దెబ్బ తగిలినవాళ్లను తెచ్చినవాళ్లను సాక్ష్యం కోసం ఆస్పత్రిలో గానీ స్టేషన్లో గానీ ఆపి ఉంచకూడదు, ఆ రక్షణ మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం ప్రకారం, అందులో చేర్చిన ఆస్పత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం దొరకాలి. దానికీ ఇది రోడ్డు ప్రమాదమేనని పోలీసుల ధ్రువీకరణ కావాలి. గుద్దినవాడు ఆగకుండా పోయి, బండి ఏదో తేలకపోతే తీవ్ర గాయానికి 50 వేలు, ప్రాణం పోతే 2 లక్షలు వస్తాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఉన్న పథకం ఇది, మంజూరు చేసేది కలెక్టరు. పైడిభీమవరం నుంచి ఇచ్ఛాపురం దాకా రాత్రి పూట ఆ హైవే చూసినవాళ్లకు ఈ 50 వేలు ఎందరికి అవసరమో వేరే చెప్పక్కర్లేదు. గుద్దిన బండి తెలిసినప్పుడు కోర్టులో వేసే పరిహారం క్లెయిమ్ ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలన్న నిబంధన కూడా అదే తేదీన వచ్చింది. దాని మీద కోర్టుల్లో వాదనలు జరుగుతున్నాయి, మీరు మాత్రం గడువు దాటనివ్వకండి.

ఇక నన్ను రాత్రిళ్లు నిద్రపోనివ్వని లెక్క ఒకటుంది. అన్నయ్య తాపీ మేస్త్రీ, వయసు 35. మోకాలు పూర్తిగా వంగదు, పరంజా కర్రల మీదకెక్కి నిలబడలేడు. సర్టిఫికెట్‌లో వైకల్యం ఎంత శాతం ఉన్నా, ఆ మనిషి చేసే పనికి ఎంత దెబ్బ తగిలిందో చూడాలని 2011లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెయ్యి పోయిన గుమాస్తా తన ఉద్యోగం చేసుకోగలడేమో గానీ చెయ్యి పోయిన వడ్రంగి చేయలేడు కదా. సంపాదించే శక్తి 60 శాతం పోయిందనుకుందాం. నెలకు 12 వేలు సంపాదన అని రుజువైతే ఏడాదికి 1,44,000. భవిష్యత్తు పెరుగుదలకు 40 శాతం కలిపితే 2,01,600. ఏడాది సంపాదనను ఎన్ని రెట్లు చేయాలో చెప్పే గుణకం ఆ వయసుకు 16, అంటే 32,25,600. దాంట్లో 60 శాతం అంటే 19,35,360 రూపాయలు. వైద్యం ఖర్చు, నొప్పికి, బాధకు ఇచ్చేది వేరే. అదే రుజువు లేక, కోర్టు నెలకు 6 వేలే అనుకుంటే? 9,67,680. ఒక్క కాగితం లేకపోతే కాలు సగం ధరకు పోతుంది.

మన దగ్గర లేనిది సరిగ్గా ఆ కాగితమే. పలాస జీడిపప్పు బట్టీల్లో పనిచేసే ఆడవాళ్లను అడగండి, ఫార్మా కంపెనీలకు కాంట్రాక్టర్ల కింద వెళ్లే కుర్రాళ్లను అడగండి, జీతం స్లిప్ చూపించగలిగేవాళ్లు ఎందరు? కూలి బట్వాడా చేతికి వస్తుంది, సంతకం ఉండదు, పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. హైదరాబాద్‌లో, చెన్నైలో మేడలు కట్టడానికి వెళ్లిన ఉద్దానం మనిషి అక్కడ కారు కింద పడితే, అతని సంపాదన ఎంతో చెప్పడానికి మేస్త్రీ ఫోన్ నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. (కేసు మాత్రం ఇంటికొచ్చి మన జిల్లాలోనే వేయొచ్చు. బాధితుడు నివసించే చోట వేసే హక్కు చట్టం ఇచ్చింది. ఇది తెలియక ఎంతమంది వదిలేశారో.) ఉత్తరాంధ్ర కష్టం ఎప్పుడూ లెక్కలో లేని కష్టమే. ఒళ్లు బాగున్నంత కాలం అది చవకగా అమ్ముడుపోయింది, ఒళ్లు విరిగాక కోర్టులోనూ చవకగానే తూగుతోంది. కార్మిక శాఖ కాంట్రాక్టర్లతో కూలి స్లిప్పులు ఇప్పించాలి. ఉత్తరాంధ్రలోని ప్రతి క్యాజువాలిటీలోనూ "ప్రమాదం ఎలా జరిగిందో నిజం చెప్పండి, కేసు పెట్టినా వైద్యం ఆగదు" అని తెలుగులో పెద్ద బోర్డు పెట్టాలి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా లాయరును ఉచితంగా ఇచ్చే న్యాయ సేవాధికార సంస్థ ఉందని, 15100కి ఫోన్ చేయొచ్చని ఆ బోర్డు మీదే రాయాలి.

కేసు వేద్దామన్నప్పుడు అన్నయ్య ఒప్పుకోలేదు. "కోర్టులంట ఏటి తిరుగుతాం తమ్ముడూ, బతికి బయటపడ్డాను, సాల్దా?" అన్నాడు. వదినే లేచి వంటింట్లోకి వెళ్లి గోడకున్న క్యాలెండర్ తెచ్చింది. ప్రతి శనివారం గడిలోనూ ఆ వారం ఇంటికి వచ్చిన బట్వాడా పెన్సిల్‌తో రాసుంది. కొన్ని చోట్ల 3,200, కొన్ని చోట్ల 2,800, వాన పడ్డ వారం సున్నా. పాత ఏడాది క్యాలెండర్ కూడా బియ్యం డబ్బా వెనక దొరికింది. లాయరు రెండూ అడిగి తీసుకున్నారు.